కాయిల్ చుట్టూ నాలుగు చుక్కలు

దసరా దగ్గర పడితే జంషెడ్‌పూర్‌లో మైకుసెట్టు వాళ్ళకు కంటిమీద కునుకుండదు. సాక్చి, బిష్టుపూర్, కద్మా, గోల్మురి, టెల్కో... ఏ పేటలో చూసినా దుర్గాపూజ పందిళ్ళే. చైత్రమాసం వస్తే రామనవమి అఖాడాల ఊరేగింపులు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి టాటా కంపెనీలో పనికి వచ్చి తరాలుగా ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలూ తక్కువేం కాదు. బిష్టుపూర్‌లో వాళ్ళ రామమందిరం ఉంది, కద్మాలో ఆంధ్రా అసోసియేషన్ ఉంది. కల్యాణమైనా సభైనా మైకు లేనిదే మొదలవదు.

ఇలాంటి చోట్ల ఒక తంతు తరచూ జరుగుతుంటుంది. సాయంత్రం ఆరింటికి మంత్రం ఖణీమని వినపడుతుంది. తొమ్మిదయ్యేసరికి పెట్టె అదే, ఆంప్లిఫయర్ అదే, పంతులుగారి గొంతూ అదే, మాట మాత్రం మసకబారుతుంది. కింద బాస్ దద్దరిల్లుతూనే ఉంటుంది కానీ స, శ, చ, ట లాంటి హల్లులు అణిగిపోతాయి. ఆపరేటర్ అది పసిగట్టి ట్రెబుల్ కాస్త పెంచుతాడు. పావుగంట పోయాక ఇంకాస్త. చివరికి ఒక పక్క పెట్టెలో పైస్థాయి శబ్దం పూర్తిగా ఆగిపోతుంది. "యూనిట్ కొట్టేసింది" అంటాడు. పూజ కమిటీ వాళ్ళు ఆంప్లిఫయర్‌ని తిడతారు. పాపం, చాలాసార్లు దాని తప్పేమీ ఉండదు. తప్పు వేడిది.

మైకుసెట్టు వాళ్ళు హారన్ యూనిట్ అనేదాన్నే ఇంజనీర్లు కంప్రెషన్ డ్రైవర్ అంటారు. దీని కథ బెల్ ల్యాబ్స్‌లో మొదలైంది. అక్కడ వెంటే, థురాస్ అనే ఇద్దరు ఇంజనీర్లు రూపకల్పన చేసిన వెస్టర్న్ ఎలక్ట్రిక్ 555 యూనిట్ 1926లో వైటాఫోన్ శబ్దచిత్రాలతో పాటు థియేటర్లలోకి వచ్చింది. అప్పట్లో ఆంప్లిఫయర్ల శక్తి చాలా తక్కువ. కొద్దిపాటి వాట్లతో హాలంతా నింపాలి. అందుకని పల్చటి లోహపు డయాఫ్రమ్ ముందు గాలికి ఇరుకు దారి పెట్టారు. డయాఫ్రమ్ విస్తీర్ణం ఆ దారికి చాలా రెట్లు ఉంటుంది కాబట్టి గాలి నొక్కుకుని బయటికి వస్తుంది, హారన్ దాన్ని మెల్లమెల్లగా విప్పి జనం మీదికి వదులుతుంది. డయాఫ్రమ్‌కు ఎదురుగా, అర మిల్లీమీటరు అటూఇటూ దూరంలో, సన్నటి చీలికలున్న ఫేజ్ ప్లగ్ ఉంటుంది. డయాఫ్రమ్ అంచుకీ మధ్యకీ ఎదురుగా ఉన్న శబ్దమంతా ఒకే సమయానికి బయటికి చేరేలా చూడటం దాని పని. నూరేళ్ళయినా ఈ నిర్మాణం మూలసూత్రం మారలేదు.

మన దేశంలో ఈ కథకు ఇంకో ముఖం ఉంది. 1931 కరాచీ కాంగ్రెస్ నాటి నుంచి షికాగో రేడియో పేరుతో మోత్వానీ కుటుంబం పెట్టిన లౌడ్‌స్పీకర్లే గాంధీ, నెహ్రూల మాటను వేలమందికి చేర్చాయి. తర్వాత గుడి గోపురం మీదా, ఎన్నికల జీపు మీదా కనిపించిన హారన్లు ఆ వరసలోవే.

సామాన్యమైన కోన్ స్పీకరు తనకు అందిన కరెంటులో నూటికి ఒకటో రెండో పాళ్ళు శబ్దంగా మారుస్తుంది. హారన్ తగిలించిన మంచి కంప్రెషన్ డ్రైవర్ తన పరిధి మధ్యభాగంలో ఇరవై, ముప్పై పాళ్ళ దాకా ఇవ్వగలదు. ఇది గొప్ప విషయమే. అయినా మిగతా డెబ్బై, ఎనభై పాళ్ళు వేడే. ఆ వేడంతా పుట్టేది ఎక్కడ? డయాఫ్రమ్‌కు అతికించిన వాయిస్ కాయిల్‌లో. వెంట్రుకంత సన్నటి తీగ, రాగిది గానీ రాగిపూత పూసిన అల్యూమినియంది గానీ. గ్రాముల్లో తూగే ఆ చుట్ట, రెండు ఉక్కు గోడల మధ్య ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల సందులో వేలాడుతుంటుంది. దానికీ ఉక్కుకీ మధ్య ఉన్నది గాలి. వేడిని దాటించడంలో గాలి పరమ బద్ధకస్తురాలు.

రాగి తీగ ఒక్కో డిగ్రీ వేడెక్కినప్పుడల్లా దాని నిరోధం దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. నిరోధం పెరిగితే అదే వోల్టేజికి కరెంటు తగ్గుతుంది, కరెంటు తగ్గితే శబ్దం తగ్గుతుంది. ఇంజనీర్లు దీన్నే పవర్ కంప్రెషన్ అంటారు. ఆపరేటర్ నాబ్ తిప్పిన కొద్దీ కాయిల్ ఇంకా కాగుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. ఎక్కడో ఒకచోట తీగ మీది జిగురు వదులుతుంది, లేదా తీగే తెగుతుంది.

ఆ వేడిని దాటించడానికి గాలికి బదులు సందులో పోసే అయస్కాంత ద్రవమే ఫెర్రోఫ్లూయిడ్. స్పీకర్లలోకి అది వచ్చిన దారి విచిత్రమైనది. దాన్ని కనిపెట్టింది స్పీకర్ల వాళ్ళు కాదు, రాకెట్ల వాళ్ళు. అమెరికా క్లీవ్‌లాండ్‌లోని నాసా లూయిస్ పరిశోధన కేంద్రంలో స్టీవ్ పాపెల్ 1963లో ఒక ప్రశ్న పట్టుకున్నాడు. బరువే లేని అంతరిక్షంలో ట్యాంకులోని ఇంధనం అటూఇటూ తేలిపోతుంటే పంపు మూతి దగ్గరికి ఎలా తేవాలి? ఇంధనంలోనే ఇనుమును కలిపేసి అయస్కాంతంతో లాగితే? ఆయన మాగ్నటైట్ అనే ఐరన్ ఆక్సైడ్ పొడిని కిరోసిన్, ఓలియిక్ ఆమ్లాలతో కలిపి బాల్ మిల్లులో ఎన్నో రోజుల పాటు నూరాడు. 1965లో పేటెంట్ వచ్చింది. రాకెట్లలో ఆ ఆలోచన నిలవలేదు గానీ ద్రవం మాత్రం నిలిచింది. రొనాల్డ్ రోజెన్‌స్వీగ్ దాని శాస్త్రాన్ని పద్ధతిగా నిర్మించి, 1968లో రొనాల్డ్ మాస్కోవిట్జ్‌తో కలిసి ఫెర్రోఫ్లూయిడిక్స్ కంపెనీ పెట్టాడు. స్పీకర్లలోకి ఆ ద్రవం 1970ల్లో వచ్చింది. దాని ప్రభావాన్ని కొలిచి 1980, 1981ల్లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో వ్యాసాలు రాసిన వాళ్ళలో కుల్దీప్ రాజ్ పేరు కనిపిస్తుంది. 1999లో ఆ కంపెనీ జపాన్ వారి ఫెర్రోటెక్ చేతికి పోయింది. మన దేశంలో గుజరాత్‌లోని భావనగర్ విశ్వవిద్యాలయం ఈ ద్రవాల మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. 1995లో అయస్కాంత ద్రవాల అంతర్జాతీయ సదస్సు అక్కడే జరిగింది.

చూడ్డానికి అది నల్లటి నూనె. అందులో సుమారు పది నానోమీటర్ల మాగ్నటైట్ రేణువులుంటాయి. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. రేణువు అంత చిన్నదైతే నూనె అణువుల తాకిడికే ఎప్పుడూ కదులుతుంటుంది, అడుక్కి దిగదు. ఒకదానికొకటి అంటుకోకుండా ప్రతి రేణువు మీదా సర్ఫక్టెంట్ పొర ఉంటుంది. ఘనపరిమాణంలో చూస్తే అయస్కాంత పదార్థం అయిదు శాతమే, పది శాతం ఆ పొర, మిగతా అంతా నూనె. దీన్ని సిరంజితో డ్రైవర్ సందులో వేస్తే ఒలికిపోదు. సందులో ఉన్న అయస్కాంత క్షేత్రం లాగి పట్టుకుంటుంది. డ్రైవర్‌ని తలకిందులు చేసినా అక్కడే ఉంటుంది.

ఇక లెక్క చూద్దాం. గాలి ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి 0.026 వాట్లు. ఈ ద్రవానిది 0.15 దరిదాపు. అంటే ఆరు రెట్లకు కాస్త తక్కువ. 44 మిల్లీమీటర్ల వ్యాసం, మూడు మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న కాయిల్‌ని తీసుకుని, రెండు వైపులా ఉక్కుకు 0.2 మిల్లీమీటర్ల ఎడం ఉందనుకుందాం. అందులో పది వాట్ల వేడి పుడుతుంటే, గాలి మాత్రమే ఉన్నప్పుడు కాయిల్ ఉక్కు కంటే తొంభై మూడు డిగ్రీలు ఎక్కువ వేడిలో ఉంటుంది. సందులో ద్రవం ఉంటే పదహారు డిగ్రీలు. మొదటి సందర్భంలో ఆరు ఓమ్‌ల కాయిల్ 8.2 ఓమ్‌లవుతుంది, రెండోదాంట్లో 6.4 దగ్గర ఆగుతుంది. చెవికి ఈ తేడా ఒకటిన్నర, రెండు డెసిబెల్స్. పెద్ద అంకె కాదనిపిస్తుంది. కానీ ఈ తగ్గుదల బాస్‌కీ ట్రెబుల్‌కీ ఒకేలా ఉండదు. కింద ఉన్న పద్దెనిమిది అంగుళాల బాస్ స్పీకరు తన దారిన తను తగ్గుతుంది, పైది తన దారిన తను తగ్గుతుంది. ఆరింటికి సరిచేసిన సమతూకం తొమ్మిదింటికి ఉండదు. అందుకే హల్లులు పోతాయి.

అయితే ఈ లెక్కలో ఒక మెలిక ఉంది, కంపెనీ ప్రకటనల్లో అది కనపడదు. ద్రవం వేడిని మాయం చెయ్యదు, కాయిల్ నుంచి ఉక్కుకూ అయస్కాంతానికీ చేరవేస్తుంది, అంతే. రెండు కిలోల ఫెర్రైట్ డ్రైవర్‌లోకి గంటసేపు పది వాట్లు పోస్తే, ఏ కాస్త వేడీ బయటికి పోలేదనుకున్నా, మొత్తం ఒళ్ళు ముప్పై, నలభై డిగ్రీలే పెరుగుతుంది. నిజానికి వెనక మూత నుంచి చాలా వేడి గాలిలోకి పోతుంటుంది కాబట్టి పెరిగేది ఇంకా తక్కువ. అదే ఈమధ్య వస్తున్న చిన్న నియోడిమియం డ్రైవర్ అరకిలో, ముప్పాతిక కిలో ఉంటుంది. అది త్వరగా కాగుతుంది. మామూలు రకం నియోడిమియం అయస్కాంతం ఎనభై డిగ్రీలు దాటితే శాశ్వతంగా కొంత బలం పోగొట్టుకునే ప్రమాదం ఉంది. మే నెలలో జంషెడ్‌పూర్ నలభై డిగ్రీలు దాటుతుంది. ఎండలో గుడ్డ కప్పి ఉన్న పెట్టె లోపల సాయంత్రం కార్యక్రమం మొదలుకాక ముందే నలభై అయిదు, యాభై ఉంటే ఆశ్చర్యం లేదు. అలాంటి చోట వేడిని కాయిల్ దాటించాక బయటికి పంపే ఏర్పాటు, అంటే వెనక రెక్కలున్న అల్యూమినియం మూత లాంటిది, లేకపోతే ద్రవం చేసే మేలు మొదటి గంటతో సరి.

వేడి సంగతి అలా ఉంచితే, ద్రవం చేసే రెండో పని కాయిల్ కదలికకు కళ్ళెం వెయ్యడం. ప్రతి డ్రైవర్‌కీ ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. కంప్రెషన్ డ్రైవర్‌లో అది మామూలుగా అయిదారు వందల హెర్ట్జ్ చుట్టూ ఉంటుంది. అక్కడ డయాఫ్రమ్ కావలసినదాని కంటే ఎక్కువ ఊగుతుంది, ఇంపీడెన్స్, అంటే కరెంటుకు డ్రైవర్ చూపే మొత్తం అడ్డు, కొండలా లేస్తుంది. బాస్‌నీ ట్రెబుల్‌నీ విడదీసి పంపే క్రాసోవర్ తయారుచేసే వాళ్ళకు అదో తలనొప్పి, ఎందుకంటే వాళ్ళ లెక్కలు ఎనిమిది ఓమ్‌లనో పదహారు ఓమ్‌లనో నమ్ముకుని ఉంటాయి. నూనె చిక్కదనం ఆ ఊగుడిని అణుస్తుంది, కొండ చదునవుతుంది. కాయిల్ సందు మధ్యలో నిలవడానికి కూడా అది తోడ్పడుతుంది. అయస్కాంత క్షేత్రంలో ఉన్న ఈ ద్రవం, అందులో మునిగిన అయస్కాంతం కాని వస్తువును క్షేత్రం బలంగా ఉన్న చోటు నుంచి దూరంగా తోస్తుంది. రెండు పక్కల నుంచీ ఒకేలా తోస్తే కాయిల్ మధ్యలో నిలుస్తుంది. డయాఫ్రమ్ ఒక పక్కకు ఒరిగి గోడకు రాసుకోవడం తగ్గుతుంది. ఆ ఒరుగుడే గరగర వినపడటానికి ఒక కారణం.

చిక్కదనం ఎంత ఉండాలన్నది అసలు గొడవ. స్పీకర్ల కోసం అమ్మే ద్రవాల్లో యాభై సెంటీపాయిజ్ నుంచి కొన్ని వేల సెంటీపాయిజ్‌ల దాకా ఉన్నాయి. ఇరవై డిగ్రీల దగ్గర ఆముదం దాదాపు వెయ్యి సెంటీపాయిజ్. ఇంట్లో వాడే డోమ్ ట్వీటర్‌కి కొంచెం చిక్కగా ఉన్నా నడిచిపోతుంది. కంప్రెషన్ డ్రైవర్‌లో ఆముదమంత చిక్కటి ద్రవం పోస్తే అసలు దాన్ని కొన్న ప్రయోజనమే పోతుంది. నూటికి ముప్పై పాళ్ళు శబ్దం చేసే యంత్రంలో ఆ ఘర్షణ నేరుగా శబ్దంలోంచే కోత పెడుతుంది. కాబట్టి వీటికి పల్చటి రకాలే పోస్తారు. సందులో ద్రవం వేస్తే అయస్కాంతం బలం పెరుగుతుందని బజారులో ఒక మాట ఉంది. అది పెద్దగా నిజం కాదు. సందులో పదిహేను నుంచి ఇరవై వేల గాస్ క్షేత్రం ఉంటే, ద్రవం తనంతట తాను అందుకోగల అయస్కాంతత్వం కొన్ని వందల గాస్ మాత్రమే. ఆ వందలు శబ్దంలో వినపడవు.

మరి ఇంత మంచిదైతే అందరూ ఎందుకు వాడరు? పెద్ద వేదికల లైన్ అర్రేల్లో ఉండే నాలుగంగుళాల కాయిల్ డ్రైవర్లు చాలావరకు పొడి సందులతోనే నడుస్తాయి. పెద్ద కాయిల్‌కి వేడి పోయే విస్తీర్ణం ఎలాగూ ఎక్కువ. పైగా ద్రవం సందును మూసేస్తుంది. డయాఫ్రమ్ అంచు దగ్గర, కాయిల్‌కీ ఫ్రేముకీ మధ్య చిక్కుకున్న గాలికి దారి ఉండదు. గట్టిగా కొట్టినప్పుడు ఆ గాలి ద్రవాన్ని బయటికి చిమ్ముతుంది. చిమ్మిన చుక్క ఫేజ్ ప్లగ్ చీలికలో పడితే అర మిల్లీమీటరు ఎడంలో అది ఎంత అడ్డమో ఊహించుకోవచ్చు. గాలి పోవడానికి ముందే చిల్లులు పెట్టి తయారుచేసిన డ్రైవర్ వేరు, పొడిగా నడవడానికి చేసిన డ్రైవర్‌లో ఎవరో చెప్పారని పోసింది వేరు. రెండోది జూదం.

అన్నిటికంటే పెద్ద చిక్కు వయసు. నూనె ఎంత మెల్లగా ఆవిరయ్యేదైనా ఆవిరవుతుంది, వేడిలో త్వరగా ఆవిరవుతుంది. కొన్నేళ్ళకు ద్రవం చిక్కబడి చివరికి గోధుమరంగు కలిసిన నల్లటి జిగురుగా మారుతుంది. అప్పుడు డ్రైవర్ ఒకేసారి చావదు, మెల్లమెల్లగా మూగబోతుంది. మల్టీమీటర్ పెడితే కాయిల్ ఆరు ఓమ్‌లు చూపిస్తుంది, బాగానే ఉందంటారు. ట్రెబుల్ మాత్రం రాదు. కాయిల్ తెగితే కనీసం విషయం తెలుస్తుంది. ఇది తెలియదు.

ఇలాంటిది బల్ల మీద విప్పి చూస్తే సంగతి తేటతెల్లం. వెనక మూత స్క్రూలు తీసి డయాఫ్రమ్‌ని నిట్టనిలువుగా పైకి లాగాలి, పక్కకు వంచితే కొత్తదైనా పోతుంది. మంచి ద్రవమైతే కాయిల్ మీద నల్లగా తడిగా మెరుస్తుంది. పాతదైతే తారు తీగలా సాగుతుంది. సందును కడగడానికి వచ్చీరాని మెకానిక్ పెట్రోలు పోస్తాడు, అది అయస్కాంతం కింద జిగురును కూడా కరిగిస్తుంది. తెలిసినవాడు గట్టి అద్దుడు కాగితాన్ని సన్నటి పట్టీలుగా కోసి, సందులో చుట్టూ తిప్పుతూ, కాగితం పొడిగా బయటికి వచ్చేదాకా మారుస్తూ ఉంటాడు. ఆ తర్వాత కొత్త ద్రవం, కొలిచి. 44 మిల్లీమీటర్ల కాయిల్‌కి అది మిల్లీలీటరులో కొద్ది భాగమే. డ్రైవర్ తయారీదారు చెప్పిన కొలత దాటితే మిగిలింది చిమ్ముకుంటుంది.

ఉక్కు ఊళ్ళో ఈ పనికి ఇంకో బెడద ఉంది. పక్క షెడ్డులో గ్రైండర్ తిరుగుతుంటే గాల్లో ఇనుప రజను ఉంటుంది. విప్పి పెట్టిన డ్రైవర్ సందు పదిహేను వేల గాస్‌లతో ఆ రజను లాక్కుంటుంది. ఒక్క పలుకు చాలు, కాయిల్‌ని గీరడానికి. టేపు ముక్కను మడిచి సందులో దించి ఆ పలుకుల్ని అంటించి తీయాలి. ద్రవం పోసి ఉన్న సందులో పలుకు పడితే అది కనపడను కూడా కనపడదు.

ఇనుముతో ఈ ఊరి బంధం ఇంకా లోతుకు పోతుంది. భూగర్భ శాస్త్రవేత్త పి.ఎన్. బోస్ 1904లో జంషెట్జీ టాటాకు రాసిన ఉత్తరం మయూర్‌భంజ్‌లోని గోరుమహిసాని ఖనిజం గురించి. సాక్చిలో కట్టిన కర్మాగారం నుంచి 1912 ఫిబ్రవరి 16న మొదటి ఉక్కు వచ్చింది. లోహాల మీద పరిశోధనకు జాతీయ ప్రయోగశాల కూడా ఈ ఊళ్ళోనే వెలిసింది. దాన్ని 1950 నవంబరు 26న నెహ్రూ ప్రారంభించారు. ఈ చరిత్రంతా స్పీకరుకు దూరమనిపిస్తుంది. కానీ కంప్రెషన్ డ్రైవర్‌ని తూకం వేస్తే బరువులో సింహభాగం ఇనుమే. సందు చుట్టూ ఉండే పలకలు కార్బన్ బాగా తక్కువున్న మెత్తటి ఉక్కు. ఫెర్రైట్ అయస్కాంతం ఐరన్ ఆక్సైడ్‌నీ స్ట్రాన్షియం కార్బొనేట్‌నీ కలిపి కాల్చింది. ఆ ఐరన్ ఆక్సైడ్‌లో మంచి భాగం ఉక్కు కర్మాగారాల ఉప ఉత్పత్తి. రేకుల్ని చల్లగా సాగదీసే ముందు మీది పొలుసు పోవడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కడుగుతారు. ఆ ఆమ్లాన్ని తిరిగి తీసుకునే చోట ఎర్రటి పొడి మిగులుతుంది. ప్రపంచమంతటా అయస్కాంతాల వాళ్ళు ఎక్కువగా కొనేది ఆ పొడినే. ఇక ఫెర్రోఫ్లూయిడ్‌లోని మాగ్నటైట్ కూడా ఇనుమూ ఆక్సిజనే, ఇప్పుడు దాన్ని ఎక్కువగా ఇనుప లవణాల ద్రావణంలో క్షారం కలిపి రసాయనికంగా తయారుచేస్తారు, పాపెల్‌లా రోజుల తరబడి నూరరు.

కాబట్టి కొనేటప్పుడు ఏం చూడాలి? చిన్న, మధ్యరకం డ్రైవర్, మామూలు పాసివ్ క్రాసోవర్, గంటల తరబడి మాటా పాటా కలిసిన వాడకం ఉన్నచోట ద్రవం ఉన్నది తీసుకోవడంలోనే లాభం. పెట్టెను నెలల తరబడి గోదాములో పడేసి పండక్కే బయటికి తీసే వాళ్ళకీ, పదేళ్ళు మూత తీయకుండా నడపాలనుకునే గుడి కమిటీలకీ పొడి సందు డ్రైవరే నయం. ద్రవం ఉన్నది కొన్నవాళ్ళు కొన్న రోజే ఒక పని చేయించుకోవాలి. ఇంపీడెన్స్ గీత తీయించి దాచుకోవాలి. ఈరోజుల్లో ల్యాప్‌టాప్, సౌండ్ కార్డు, ఒక రెసిస్టర్ ఉంటే సరిపోతుంది. ఏడాదికోసారి మళ్ళీ తీయించి పక్కన పెట్టి చూడాలి. అయిదారు వందల హెర్ట్జ్ దగ్గరి గుట్ట కొన్ననాటి కంటే బాగా లేచి ఉంటే ద్రవం సందులోంచి పోయినట్టు. గుట్ట ఇంకా అణిగి, పక్కకు జరిగి ఉంటే అది చిక్కబడుతున్నట్టు. అలాంటి యూనిట్‌ని పందిరి ఎక్కించక ముందే విప్పించాలి.